“ముట్టుకోకు నాయనా!” అనకండి: పిల్లలతో సైన్స్ మ్యూజియం, కొన్ని అపోహలు – వాస్తవాలు

కోస్తాలో ఒక సైన్స్ సెంటర్లో తొమ్మిదేళ్ళు డెమాన్‌స్ట్రేటర్‌గా, అంటే చేత్తో తిప్పి చూసే వస్తువుల్ని ఆడించి చూపించే మనిషిగా పనిచేశాను. ఇప్పుడు కావలిలో మా ఇంట్లోనే ఒక గది నిండా అలాంటి సామాను పెట్టుకుని, ఆదివారాలు పిల్లల్ని రమ్మంటున్నాను. వేసవి సెలవులు వచ్చాయంటే ఫోన్లు మొదలు: “మేడమ్, మావాడికి ఐదేళ్ళు. తిరుపతికో చెన్నైకో తీసుకుపోతే ఉపయోగం ఉంటుందా?” అడిగే ప్రశ్నలు ఏటా అవే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: ఐదేళ్ళ పిల్లలకి ఏం అర్థమవుతుంది? ఆరో తరగతికి వచ్చాక చూద్దాం.

అర్థం కావడమంటే సూత్రం అప్పజెప్పడమే అయితే ఆరో తరగతిలోనూ కాదు.

విడవలూరు వైపు నుంచి ఒక రొయ్యల రైతు తన కొడుకుని తెచ్చాడు. మా దగ్గర రెండు శంకువుల మూతులు కలిపి అతికించినట్టుండే చెక్కబొమ్మ ఒకటి ఉంది. దాన్ని రెండు పట్టాల మీద పెడతాం. పట్టాలు ఒక చివర దగ్గరగా, పల్లంగా ఉంటాయి. రెండో చివర దూరం జరుగుతూ, మిట్టగా ఉంటాయి. బొమ్మని పల్లం వైపు పెట్టి వదిలేస్తే తనంతట తనే మిట్టకి దొర్లుతుంది. పెద్దవాళ్ళు ఒకసారి చూసి “భలే ఉందే” అని ముందుకెళ్ళిపోతారు. ఈ పిల్లోడు కదల్లేదు. పెట్టడం, వదలడం, మళ్ళీ పెట్టడం. నేను పద్నాలుగు వరకు లెక్కపెట్టి మానేశాను. “ఇంక రారా, అవతల శానా ఉండాయి” అని వాళ్ళ నాన్న రెక్క పట్టుకున్నాడు. ఒక్క నిమిషం ఆగమని నేనే సైగ చేశాను.

పిల్లోడు నేల మీద గొంతుకూర్చుని, గడ్డం పట్టాకి ఆనించి, ఒక కన్ను మూసుకుని చూశాడు. “నాన్నా, అది ఎక్కడంలా. లోపలికి దిగతా ఉంది.”

అంతే. పట్టాలు విడిపోయే కొద్దీ బొమ్మ సన్నగా ఉన్న భాగాల మీద ఆనుతుంది, దాని నడుము కిందికి జారుతుంది. పట్టా ఎత్తు పెరిగేదానికన్నా నడుము దిగేదే ఎక్కువ. గరిమనాభి (వస్తువు బరువంతా ఉన్నట్టు లెక్కవేసే చోటు) అనే మాట పదో తరగతి పిల్లలకి బోర్డు మీద రాసి చెప్పినా ముక్కున పట్టిన పాఠంగానే మిగిలిపోతుంది. వీడికి ఆ మాటే తెలియదు, విషయం మాత్రం కంటపడింది.

అపోహ: టికెట్టు కొన్నాక అన్నీ చూసి తీరాలి.

ఈ ఒక్కదాని మీద నాకు కోపం కూడా ఉంది. చిన్నపిల్లలకి గంటన్నర చాలు, నాలుగైదు వస్తువులు చాలు. ఒకేదాని దగ్గర అరగంట ఉండిపోతే ఆరోజు గిట్టుబాటు అయినట్టే. స్కూలు బస్సులు దిగకముందే, తలుపులు తీసే వేళకి వెళ్ళండి. వంద మంది పిల్లలు వరసలో తోసుకుంటుంటే ఐదేళ్ళ పాపకి పిడి అందదు.

మన వైపు వాళ్ళు ఇంకో పని చేస్తారు. తిరుపతిలో అలిపిరి దారిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది, 1993 నుంచి నడుస్తోంది. కొండకి వెళ్ళి, రాత్రంతా క్యూలో నిలబడి, దర్శనం చేసుకుని, దిగి వచ్చేటప్పుడు “ఎటూ దారిలోనే కదా” అని పిల్లల్ని లోపలికి తోలుకుపోతారు. పిల్లలు భుజం మీద నిద్రపోతుంటారు. పైగా గుండు! జుట్టు నిక్కబొడుచుకునే యంత్రం దగ్గర గుండుకి ఏం చూపించేది? సైన్స్ మ్యూజియానికి వేరే రోజు పెట్టుకోండి. కుదరకపోతే కొండ ఎక్కేముందు వెళ్ళండి.

అపోహ: ఆ యంత్రంలో లక్షల వోల్టులు, పిల్లల్ని పెట్టకూడదు.

ఇది జుట్టు లేపే ఆ యంత్రం, వాన్ డి గ్రాఫ్ జనరేటర్ గురించి. దాని పైన ఒక లోహపు గోళం ఉంటుంది. వోల్టులు లక్షల్లో ఉండేది నిజమే. కానీ ఆ గోళం మీద నిలవుండే చార్జి చాలా తక్కువ, ఒంట్లోంచి పోయే కరెంటు ఇంకా తక్కువ. పిల్లని ప్లాస్టిక్ పీట మీద నిలబెట్టి, చెయ్యి గోళం మీద పెట్టించాకే మిషను ఆన్ చేస్తారు. వెంట్రుకలన్నిటికీ ఒకే రకం చార్జి అందుతుంది కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుని లేస్తాయి. మధ్యలో చెయ్యి తీసి మళ్ళీ పెడితే చురుక్కుమంటుంది, అంతే. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు మాత్రం దూరంగా ఉండాల్సిందే. తాతయ్యలు దాన్ని దాచకుండా ముందే చెప్పాలి.

ఇంకో సంగతి. కార్తీకమాసంలో తుపాను వానల్లో వచ్చి “మిషను పాడైంది, డబ్బులు దండగ” అని నన్ను తిట్టినవాళ్ళు ఉన్నారు. మిషను బాగానే ఉంటుంది. గాలిలో చెమ్మ ఎక్కువైతే చార్జి నిలవదు, కారిపోతుంది. ఈ ఆట నెల్లూరు గాలికన్నా రాయలసీమ పొడిగాలికే బాగా ఆడుతుంది.

అపోహ: వస్తువుల్ని ముట్టుకుంటే పాడవుతాయి.

పాడవుతాయి, బాగు చేసుకుంటాం. అందుకే పెట్టారు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం తెరిచిన ఫ్రాంక్ ఒపెన్‌హైమర్, అణుబాంబు ఒపెన్‌హైమర్ తమ్ముడు, కొన్నాళ్ళు హైస్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి. పిల్లలు చేతులు పెట్టి తిప్పితేనే పని చేసే వస్తువులతో ఆ మ్యూజియం నింపాడు. మన దేశంలో ఈ దారిలో ముందుగా వచ్చినవాటిలో ఒకటి 1959లో కలకత్తాలో తెరిచిన బిర్లా మ్యూజియం. పళ్ళ చక్రాల్లో వేళ్ళు పెట్టకుండా చూడండి. మిగతాదానికి మీరు అరవక్కర్లేదు.

అపోహ: బంతి గాల్లో తేలేది బెర్నౌలీ సూత్రం వల్ల.

గొట్టంలోంచి పైకి కొట్టే గాలి మీద బంతి తేలే ఆట ఒకటి ఉంటుంది. గాలి వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుందనే బెర్నౌలీ సూత్రమే దానికి కారణమనేది మా వృత్తి వాళ్ళ అపోహ, నేనూ ఏళ్ళ తరబడి చెప్పాను. పైకి తోసేది కింది నుంచి కొట్టే గాలి, అది ఎవరికైనా తెలిసిందే. గొట్టాన్ని కాస్త పక్కకి వంచినా బంతి ఎందుకు పడిపోదు? గాలి బంతి ఒంపుని అంటుకుని దానితోపాటే మలుపు తిరుగుతుంది. బంతి ఒక పక్కకి జరిగితే, దాన్ని చుట్టుకున్న గాలి ఆ పక్కకే మళ్ళిపోతుంది. ఆ మళ్ళింపుకి బదులుగా బంతి వెనక్కి, గాలి మధ్యలోకి వస్తుంది. ఇంట్లో హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి, టేబుల్ టెన్నిస్ బంతితో చూడండి.

అపోహ: మాకు సైన్స్ రాదు, పిల్లలకి ఏం చెప్తాం?

చెప్పకండి. బోర్డు గడగడా చదివి వినిపించే నాన్నకన్నా “ఏందది, నాకూ చూపీ” అనే అవ్వ నయం. తాడు లాగి తన కుర్చీని తనే పైకెత్తుకునే గిలకల సెట్టు దగ్గర ఒక అవ్వ, నేను నోరు తెరిచేలోపే, “బావి దగ్గర చేంతాడు ఇట్టా ఒక గిలక్కి బదులు రెండిటికి చుట్టి ఉంటే నా భుజాలు మిగిలేవి” అంది.

అపోహ: శ్రీహరికోట పక్కనే ఉంది కదా, అది చాలదా?

అక్కడ ప్రధానంగా చూసేదే కానీ చేత్తో తిప్పేది కాదు. కానీ రాకెట్ ప్రయోగం రోజు సూళ్లూరుపేట మిద్దె మీద నిలబడి, నిప్పు కనబడగానే పిల్లలతో అంకెలు చదివించండి. శబ్దానికి కిలోమీటరుకి మూడు సెకన్లు. నిమిషం దాటాక గాని ఉరుము చెవిన పడదు. అది ఏ మ్యూజియంలోనూ దొరకదు.

అపోహ: ఇంటికొచ్చాక “ఏం నేర్చుకున్నావు?” అని అడగాలి.

వద్దు. అడిగితే “బాగుంది” అంటారు, అంతే. వాళ్ళంతట వాళ్ళే బయటపడతారు.

విడవలూరు రైతు రెండు నెలల తర్వాత ఫోన్ చేశాడు. పిల్లోడు రెండు గరాటుల మూతులు కలిపి టేపు చుట్టి, రెండు కర్రల మీద దొర్లిస్తున్నాడట. “అంతా బాగానే ఉంది మేడమ్. అవి గుంట కాడ ఇంజనుకి డీజిల్ పోసే గరాటులు. రెండూ వాడి కాడే ఉండాయి, ఇప్పుడు నేను దేంతో పోసేది?”