లాంథనం స్థానంలో స్ట్రాన్షియం

లాంథనం, స్ట్రాన్షియం అనే లోహాలు మాంగనీసుతో, ఆక్సిజన్‌తో కలిస్తే లాంథనం స్ట్రాన్షియం మాంగనైటు అనే ఆక్సైడు తయారవుతుంది. దాని ముడిసరుకుల్లో ఒకటైన లాంథనం ఆక్సైడు తెల్లని పొడి. సీసా మూత సరిగా పెట్టకపోతే గాలిలోని తేమను పీల్చి హైడ్రాక్సైడుగా మారుతుంది. కంటికి తేడా తెలియదు, తూకానికి తెలుస్తుంది. పూర్తిగా మారితే 10 గ్రాముల పొడి దాదాపు 11.7 గ్రాములు తూగుతుంది. అందుకే చేయి తిరిగినవారు ముందుగా దాన్ని 900 డిగ్రీల సెల్సియస్ పైన కాల్చి, చల్లారగానే తూస్తారు. ఆ ఓపిక లేనివారు మిశ్రమంలో లాంథనం తక్కువపడి, కారణం అంతుపట్టక కొలిమిని తిట్టుకుంటారు.

తర్వాతది నూరుడు పని. లాంథనం ఆక్సైడు, స్ట్రాన్షియం కార్బొనేటు, మాంగనీసు ఆక్సైడు కల్వంలో వేసి మెత్తగా నూరి, బిళ్లలుగా అదిమి, 1000 నుంచి 1300 డిగ్రీల వేడిలో గంటల తరబడి కాలుస్తారు. తీసి మళ్లీ నూరి, మళ్లీ కాలుస్తారు. ఘనపదార్థంలో అయాన్లది నత్తనడక మరి. చివరికి నల్లటి బిళ్ల చేతికొస్తుంది.

ఇది పెరోవ్‌స్కైటు అనే స్ఫటికాల కుటుంబానిది. 1839లో ఉరల్ పర్వతాల్లో దొరికిన కాల్షియం టైటనేటు ఖనిజం నుంచి ఆ పేరు వచ్చింది. ఇందులో ఒక్కో మాంగనీసు చుట్టూ ఆరు ఆక్సిజన్లుంటాయి. ఆ ఆరూ కలిసి ఎనిమిది ముఖాల ఆకారం, అంటే అష్టముఖి, అవుతాయి. మూలలు కలుపుకొని పేర్చిన ఆ అష్టముఖుల నడుమ ఖాళీల్లో లాంథనం కూర్చుంటుంది. లాంథనం ఒక్కటే ఉన్నప్పుడు అష్టముఖులు ఒక పక్కకు సాగి ఉంటాయి, ఎలక్ట్రాన్లు కదలవు, విద్యుత్తు పారదు. మూడు వంతుల్లో ఒక వంతుకు కాస్త తక్కువగా లాంథనాన్ని తీసి స్ట్రాన్షియం పెడితే కథ మారుతుంది. స్ట్రాన్షియం ఆవేశం ఒకటి తక్కువ. ఆ లోటు పూడ్చడానికి కొన్ని మాంగనీసులు ఒక్కో ఎలక్ట్రాన్‌ను వదులుకుంటాయి. ఖాళీ చోటు దొరికింది కనుక పక్క మాంగనీసు ఎలక్ట్రాన్ ఆక్సిజన్ మీదుగా అక్కడికి దూకగలదు. అయితే రెండింటి అయస్కాంత దిశ ఒకటైతేనే ఆ దూకుడు సులువు. 1951లో భౌతిక శాస్త్రవేత్త జీనర్ ఇచ్చిన వివరణ ఇదే. అయస్కాంతత్వం, విద్యుత్ వాహకత ఇక్కడ జోడెద్దుల్లా నడుస్తాయి.

గది వేడిమిలో ఆ బిళ్ల అయస్కాంతానికి అతుక్కుంటుంది. మరిగే నీటిలో ముంచితే పట్టు దాదాపు జారిపోతుంది, ఎందుకంటే దాని క్యూరీ ఉష్ణోగ్రత, అంటే అయస్కాంతత్వం పోయే వేడి, 95 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది.

స్ట్రాన్షియానికి బదులు కాల్షియం కలిపిన పలుచని పొరల్లో, బలమైన అయస్కాంత క్షేత్రంలో విద్యుత్ నిరోధం వెయ్యి రెట్లకు పైగా పడిపోతుందని 1994లో తేలింది. అది 77 కెల్విన్ల (సున్నాకు 196 డిగ్రీల సెల్సియస్ దిగువ) చలిలో, 6 టెస్లాల క్షేత్రంలో కనబడిన ఫలితం. నిరోధంలో మార్పును బట్టి సమాచారం చదివే కంప్యూటర్ డిస్కుల్లో దీన్ని వాడటానికి అంత చలి, అంత క్షేత్రం ఎక్కడ తెస్తారు? అంత హడావిడి లేకుండా, లాంథనం స్ట్రాన్షియం మాంగనైటు మాత్రం, ఇంధనం నుంచి నేరుగా విద్యుత్తు తీసే ఘన ఆక్సైడు ఇంధన ఘటాల్లో కాథోడుగా, 800 డిగ్రీల వేడిలో పని చేస్తోంది.