పాఠం చెప్పడమే పనిగా పెట్టుకున్న ప్రొఫెసర్లు

అమెరికా చదువు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి ఎంఎస్, పెద్ద యూనివర్సిటీలు, ల్యాబులు. ప్రధానంగా డిగ్రీ చదువే చెప్పే చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు, అంటే సాహిత్యం, తత్వశాస్త్రం, సైన్సు లాంటివన్నీ కలిపి నేర్పేవి, కూడా అక్కడ చాలా ఉన్నాయి. విలియమ్స్ 1793లో, ఆమ్‌హర్స్ట్ 1821లో మొదలయ్యాయి. అధ్యాపకుడికి టెన్యూర్, అంటే శాశ్వత ఉద్యోగం ఇచ్చేటప్పుడు బోధనను ఎంత లెక్కలోకి తీసుకోవాలి, పరిశోధనను ఎంత అన్న పేచీ ఈ కాలేజీల్లో చాలా పాతది.

మొదట్లో ఆ ప్రశ్నే లేదు. ప్రొఫెసర్ పని పాఠం చెప్పడమే. 1836 నుంచి 1872 దాకా విలియమ్స్‌కు అధ్యక్షుడిగా ఉన్న మార్క్ హాప్కిన్స్ చివరి ఏడాది విద్యార్థులకు తానే బోధించేవారు. ఒక దుంగకు ఈ చివర హాప్కిన్స్, ఆ చివర విద్యార్థి కూర్చుంటే అదే కాలేజీ అని ఆయన శిష్యుడు, తర్వాత దేశాధ్యక్షుడైన గార్‌ఫీల్డ్ అన్నట్టు చెప్పుకుంటారు. అలాగని ఆనాటి బోధనంతా గొప్పదనుకోనక్కర్లేదు. చాలా తరగతుల్లో జరిగింది పుస్తకం వల్లె వేయించి అప్పజెప్పించుకోవడమే.

1876లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ జర్మన్ పద్ధతిలో పరిశోధనకు పెద్దపీట వేసింది. పీహెచ్‌డీ క్రమంగా ఉద్యోగానికి టికెట్ అయింది. 1903లో హార్వర్డ్ తత్వవేత్త విలియం జేమ్స్ దీనిపై ఒక వ్యాసంలో విరుచుకుపడ్డారు. ఆంగ్ల సాహిత్యం చెప్పడానికి ఒక కాలేజీ కుదుర్చుకున్న యువకుడికి పీహెచ్‌డీ లేదని తర్వాత తేలింది, పట్టా తెచ్చుకోమన్నారు. అతను తెచ్చుకున్నది తత్వశాస్త్రంలో! సాహిత్య పాఠానికి అదెలా పనికొస్తుందని ఎవరూ అడగలేదని జేమ్స్ ఎద్దేవా చేశారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, ముఖ్యంగా 1950లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఏర్పడ్డాక, పరిశోధనకు ప్రభుత్వ నిధులు వెల్లువెత్తాయి. 1970లలో పీహెచ్‌డీలు ఎక్కువై ఉద్యోగాలు తక్కువయ్యాయి. దాంతో ఏడాదికి ఐదారు కోర్సులు చెప్పే చిన్న కాలేజీ కూడా ప్రచురణలు అడగగలిగింది. కమిటీ బల్ల మీద పెట్టి లెక్కపెట్టడానికి వ్యాసాలు దొరుకుతాయి. తరగతిలో జరిగినదానికి విద్యార్థులు నింపిన ఫారాలు, సహోద్యోగులు వచ్చి చూసి రాసిన నివేదికలు తప్ప ఆధారమేదీ? బోధన వెనకబడటానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

బోధనను కూడా పాండిత్యంగానే గుర్తించాలని 1990లో విద్యారంగంపై అధ్యయనాలు చేసే కార్నెగీ ఫౌండేషన్ తరఫున ఎర్నెస్ట్ బోయర్ నివేదిక ఇచ్చారు. అందరూ మెచ్చుకున్నారు. కానీ కొత్తగా చేరే అధ్యాపకుడిని తయారుచేసేది మాత్రం నేటికీ పరిశోధనా యూనివర్సిటీయే.

మంచి బోధన ఎంత శ్రమో విలియమ్స్‌లో 1988 నుంచి నడుస్తున్న ట్యుటోరియల్స్ చూస్తే తెలుస్తుంది. ప్రొఫెసర్ ముందు ఇద్దరే విద్యార్థులు. వారం వారం ఒకరు వ్యాసం రాసుకొచ్చి వినిపిస్తారు, రెండో వారు దాన్ని చీల్చి చెండాడతారు. ప్రొఫెసర్ ఎక్కువగా వింటారు. కోర్సులో పది మంది ఉంటే వారానికి ఐదు సమావేశాలు.

భారీ నిధులున్న కాలేజీకి ఇది సాధ్యం. లేనివాటి పరిస్థితి వేరు. 2008 తర్వాత అమెరికాలో జననాలు తగ్గాయి, ఆ ఏడాదుల పిల్లలు ఇప్పుడు కాలేజీ వయసుకు వస్తున్నారు, అంటే చేరేవాళ్లు తగ్గుతారు. వెర్మాంట్‌లోని మార్ల్‌బరో కాలేజీ 2020లోనే మూతపడింది. కాలిఫోర్నియాలోని మిల్స్ కాలేజీ 2022లో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో కలిసిపోయింది. ఇలాంటి చోట్ల టెన్యూర్ పోస్టు ఖాళీ అయితే, ఆ కోర్సులను ఏటా ఒప్పందం మీద వచ్చే అధ్యాపకుడికి అప్పగించడం మామూలైంది. అతని పని కూడా పాఠం చెప్పడమే. వచ్చే ఏడాది ఉంటాడో లేడో మాత్రం తెలియదు.