రెండో తీగ ఎక్కడుంది?

బ్రాడీపేట, గుంటూరు

చి. చిన్నికి, బుజ్జికి తాతయ్య దీవెనలు.

బాబాయి మెల్‌బోర్న్ నుంచి పంపిన ట్రాము వీడియో చూసి చిన్ని మంచి ప్రశ్న అడిగింది. ఫ్యానుకైనా మిక్సీకైనా రెండు తీగలు కావాలి కదా, ట్రాముకి పైన ఒక్కటే ఉందేం అని. రెండోదీ ఉందమ్మా. వీధిలోనే పరిచారు, జనం దాన్ని తొక్కుకుంటూ పోతున్నారు. అది పట్టా!

మీ ఊరి బందరు కాలువనే తీసుకోండి. బ్యారేజీ దగ్గర వదిలిన నీరు కాలువలో పారి, చేను తడిపి, మురుగు కాలువలోకి దిగుతుంది. సబ్‌స్టేషన్ బ్యారేజీ అనుకోండి. పై తీగ కాలువ, ట్రాము నెత్తిన ఆ తీగను తాకుతూ కరెంటు అందుకునే చట్రం (పాంటోగ్రాఫ్) పిల్లకాలువ, మోటారు చేను. పని చేసిన కరెంటు ఉక్కు చక్రంలోంచి పట్టాలోకి దిగి సబ్‌స్టేషన్‌కే చేరుతుంది. మురుగునీరు సముద్రంలో కలిసిపోతుందిగా అంటారేమో. ఆ సముద్రపు నీరే ఆవిరై, మబ్బై, మహాబలేశ్వరం కొండల్లో కురిసి మళ్లీ బ్యారేజీకి వస్తుంది. చుట్టు తిరగాల్సిందే.

మెల్‌బోర్న్‌ది ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రాము వ్యవస్థ, దాదాపు 250 కిలోమీటర్లు. తీగలో 600 వోల్టుల డీసీ, అంటే ఎప్పుడూ ఒకే దిక్కుకు పారే కరెంటు. మురుగు కాలువ పల్లాన ఉన్నట్టే పట్టాలో వోల్టేజీ నేలకు దగ్గరగా ఉంటుంది, అందుకే తొక్కినా షాక్ కొట్టదు. కానీ కాలువ గట్టు ఊరినట్టు పట్టాలోంచి కొంత కరెంటు మట్టిలోకి ఊరుతుంది. పక్కన ఇనప నీటిగొట్టం ఉంటే అందులో దూరి, సబ్‌స్టేషన్ దాపున బయటికొస్తుంది. వచ్చిన చోటల్లా ఇనుమును తినేస్తుంది. కొన్నేళ్లకు గొట్టానికి చిల్లు! అందుకని కొత్త లైన్లలో పట్టాకు రబ్బరు తొడుగు వేసి చుట్టూ కాంక్రీటు పోస్తారు. అతుకులు వెల్డింగ్ చేస్తారు, కుదరని చోట మందపాటి రాగి తీగతో కలుపుతారు. ఎవరికీ కనబడని ఆ తొడుగు ఊరి నీటిగొట్టాలను కాపాడుతోంది.

వానకు, రాలిన ఆకులకు చక్రం జారితే డ్రైవరు దాని ముందు ఇసుక వదులుతాడు. పట్టు దొరుకుతుంది. మరీ ఎక్కువైతే ఆ ఇసుకే చక్రానికీ పట్టాకీ మధ్య అడ్డుపడి కరెంటు తిరిగెళ్లే దారి మూసేస్తుంది. మురుగు కాలువ పూడిపోయిందన్నమాట.

మన కరెంటు రైళ్లకూ పట్టానే రెండో తీగ. పైన మాత్రం 25,000 వోల్టుల ఏసీ, అంటే అటూ ఇటూ దిక్కు మార్చుకుంటూ ఉండే కరెంటు. ఆదివారం నాన్నతో విజయవాడ స్టేషన్‌కి వెళ్లండి. ప్లాట్‌ఫాం మాత్రం దిగొద్దు. తలెత్తి చూస్తే తీగ ఒక స్తంభం దగ్గర కాస్త ఎడమకు, తర్వాతి దాని దగ్గర కుడికి లాగి ఉంటుంది. తిన్నగా కట్టి ఉంటే పాంటోగ్రాఫ్ మీది కార్బన్ పట్టీ ఏమవుతుందో బుజ్జి ఆలోచించి నాకు రాయాలి.

తాతయ్య