స్కైరిమ్‌లో కొత్త ఫాంట్లు: ఇన్‌స్టాలర్ చేసేది, చేయనిది

స్కైరిమ్ అనే కంప్యూటర్ గేమ్‌కి ఫాంట్ మాడ్‌లు, అంటే గేమ్‌లో అక్షరాల రూపాన్ని మార్చే ఫైళ్ల ప్యాకేజీలు, తయారు చేస్తుంటాను. నాకు వచ్చే మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఒకటే: "మాడ్ వేశాను, అక్షరాల బదులు డబ్బాలు వస్తున్నాయి." తప్పు ఎక్కడుందో తెలిస్తే దాన్ని సరిచేయడానికి రెండు నిమిషాలు చాలు. తెలియకపోతే గేమ్ మొత్తం తీసేసి మళ్లీ వేసుకునేదాకా పోతుంది. అందుకే తరచూ వినే అపోహలు రాస్తున్నాను.

అపోహ: ఫాంట్‌ను విండోస్‌లో ఇన్‌స్టాల్ చేస్తే గేమ్‌లో కనిపిస్తుంది.

కనిపించదు. స్కైరిమ్ మెనూలు స్కేల్‌ఫామ్ మీద, అంటే ఫ్లాష్ పద్ధతిలో నడుస్తాయి. అక్షరాల ఆకారాలు ఇంటర్‌ఫేస్ ఫోల్డర్‌లోని ఎస్‌డబ్ల్యూఎఫ్ అనే ఫ్లాష్ ఫైళ్లలో ఉంటాయి. గేమ్ వాటినే చదువుతుంది, విండోస్ ఫాంట్ల ఫోల్డర్ జోలికి పోదు.

అపోహ: ఫోమాడ్ (మాడ్‌తో వచ్చే ఇన్‌స్టాలర్) స్క్రిప్టే టీటీఎఫ్ ఫాంట్ ఫైల్‌ను గేమ్‌కి పనికొచ్చేలా మార్చేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. ఫోమాడ్‌లోని మాడ్యూల్‌కాన్ఫిగ్ అనేది ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్. మీరు ఏ ఆప్షన్ టిక్ చేశారో చూసి, దానికి సంబంధించిన ఫైళ్లను చెప్పిన చోటికి కాపీ చేయడమే దాని పని. ఫాంట్‌ను ఎస్‌డబ్ల్యూఎఫ్‌లో ఎక్కించడం మాడ్ చేసేవాళ్లు ముందే పూర్తి చేసి ఉండాలి.

ఆ తర్వాత ఫాంట్‌కాన్ఫిగ్ అనే టెక్స్ట్ ఫైల్ ఉంది. అందులో రెండు రకాల లైన్లు ముఖ్యం. "ఫాంట్‌లిబ్" లైన్ ఏ ఎస్‌డబ్ల్యూఎఫ్ తెరవాలో చెబుతుంది. "మ్యాప్" లైన్ గేమ్ అడిగే పేరుకి, అంటే పుస్తకాల ఫాంటుకో చేతిరాత ఫాంటుకో, మీ ఫాంట్ పేరును జత చేస్తుంది. ఇక్కడ రాయాల్సింది ఫైల్ పేరు కాదు, ఎస్‌డబ్ల్యూఎఫ్ లోపల ఆ ఫాంటుకి ఉన్న పేరు. ఒక్క స్పేస్ తేడా వచ్చినా డబ్బాలే. లోపలి పేరు చూడాలంటే జేపెక్స్ లాంటి ఫ్లాష్ డీకంపైలర్‌లో (ఫ్లాష్ ఫైల్‌ను విప్పి చూపే టూల్) ఫైల్ తెరిచి, అక్కడున్నది ఉన్నట్టు కాపీ చేసుకోండి. చేత్తో టైప్ చేయొద్దు.

ఇన్‌స్టాలర్ రాసేవాళ్లకు ఇంకో మాట. గమ్యం దారి, అంటే ఫైళ్లు కాపీ కావాల్సిన చోటు, గేమ్ డేటా ఫోల్డర్ నుంచే లెక్క. అక్కడ మళ్లీ "డేటా" అని రాస్తే ఫైళ్లు డేటాలో ఇంకో డేటాలోకి వెళ్లి కూర్చుంటాయి. ఎర్రర్ రాదు, ఫాంటూ మారదు.

అపోహ: రెండు ఫాంట్ మాడ్‌లు గొడవపడితే లూట్ అనే టూల్ సర్దుతుంది.

లూట్ సర్దేది ప్లగిన్‌ల (గేమ్ డేటాను మార్చే మాడ్ ఫైళ్లు) వరుసను. ఫాంట్ మాడ్‌లో మామూలుగా ప్లగిన్ ఉండదు. రెండు మాడ్‌లూ ఫాంట్‌కాన్ఫిగ్ ఇస్తే ఒక్కటే గెలుస్తుంది, రెండూ కలిసిపోవు. మాడ్ ఆర్గనైజర్ అనే మాడ్ మేనేజర్‌లో అయితే ఎడమ పక్క జాబితాలో ప్రయారిటీ ఎక్కువున్నది గెలుస్తుంది. పుస్తకాలకు ఒకటి, మెనూలకు ఇంకొకటి కావాలంటే రెండింటి ఫాంట్‌లిబ్, మ్యాప్ లైన్లను ఒకే ఫైల్‌లో మీరే కలపాలి.

అపోహ: ఆట మధ్యలో ఫాంట్ మాడ్ తీసేస్తే సేవ్ పాడవుతుంది.

పాడవదు. సేవ్ ఫైల్‌కి ఫాంటుతో సంబంధమే లేదు. టెన్షన్ పడకుండా మార్చుకోండి.

అపోహ: తెలుగు ఫాంట్ ఎక్కిస్తే గేమ్‌లో తెలుగు వచ్చేస్తుంది.

ఈ ప్రశ్న అడిగే మనవాళ్లు చాలామంది. నాకూ గట్టిగా ఉన్న కోరికే ఇది. గేమ్ వాక్యాలను అనువదించడం ఒక పని. దాన్ని పక్కనపెట్టినా అసలు చిక్కు వేరే ఉంది. "స్త్రీ" అనే ఒక్క అక్షరానికి యూనికోడ్‌లో ఆరు కోడ్‌లు ఉంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, ఆపైన గుడి దీర్ఘం. వీటిని కలిపి ఒత్తులుగా మలిచే నియమాలు ఓపెన్‌టైప్ ఫాంట్‌లో ఉంటాయి. ఎస్‌డబ్ల్యూఎఫ్‌లోకి ఎక్కించినప్పుడు ఒక్కో కోడ్‌కి ఒక్కో ఆకారం మాత్రమే వస్తుంది, ఆ నియమాలు రావు. దాంతో అక్షరాలు పొల్లులతో విడివిడిగా వరుసకట్టి నిలబడతాయి.

దారి లేకపోలేదు. మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లు చేసినట్టే, ఒత్తులనూ గుణింతాలనూ ముందే ఆకారాలుగా గీసి వేరే కోడ్‌లకు కేటాయించి, అనువాదాన్ని ఆ కోడ్‌లలోకి మార్చాలి. చాలా ఓపిక కావాలి, అయినా చేయదగ్గ పనే. పాత్రకు పేరు టైప్ చేయాలంటే మాత్రం ఆ కోడ్‌లు ఫాంట్‌కాన్ఫిగ్‌లోని "వాలిడ్ నేమ్ క్యారెక్టర్స్" లైన్‌లో కూడా ఉండాలి.

అపోహ: నెట్‌లో దొరికిన ఏ ఫాంటునైనా మాడ్‌లో పెట్టి పంచొచ్చు.

వద్దు. గేమ్ మెనూల్లో కనిపించే ఫ్యూచురా లాంటివి కొనుక్కోవాల్సిన ఫాంట్లు. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న రామభద్ర, మండలి లాంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. వాటిని మాడ్‌లో కలిపి ఇవ్వొచ్చు, లైసెన్స్ ఫైల్ కూడా జతచేయాలి. రిజర్వ్‌డ్ పేరు (తయారీదారు తనకే ఉంచుకున్న పేరు) ప్రకటించిన ఫాంటును మార్చి ఇస్తుంటే దానికి వేరే పేరు పెట్టాలి. పేరు మార్చినప్పుడు ఫాంట్‌కాన్ఫిగ్‌లోని మ్యాప్ లైన్ కూడా మార్చండి, లేకపోతే మళ్లీ డబ్బాలే.