తూటాలో మందు ఎంత తొందరగా కాలాలి?

దీపావళి మర్నాడు పొద్దున్నే లేచి వీధిలో తుస్సుమన్న టపాకాయలు ఏరుకునే అలవాటు మా తరం పిల్లలందరికీ ఉండేది. పేలనివాటిని మధ్యకి విరిచి, లోపలి మందు కాగితం మీద పోసి అగ్గిపుల్ల అంటిస్తే సుర్రుమని మండి చల్లారిపోయేది. అదే మందు గట్టిగా చుట్టిన కాగితంలో ఉంటే ఢామ్మనేది. మందు అదే, పుల్ల అదే, మధ్యలో ఏం మారిందన్నది అప్పట్లో ఎవరమూ ఆలోచించలేదు.

అమెరికాలో తూటాలు ఇంట్లోనే కూర్చుకునేవాళ్లకి రోజూ ఎదురయ్యే ప్రశ్న కూడా ఇలాంటిదే: మందు ఎంత తొందరగా కాలాలి? అక్కడ ఇది చట్టబద్ధమైన వ్యాపకం. వేటకో గురిపోటీకో వెళ్లేవాళ్లు కాల్చేసిన తూటాల ఇత్తడి కేసులు (గుల్లలు) దాచుకుంటారు. వాటి అడుగున కొత్త ప్రైమర్ (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న బిళ్ల) బిగించి, మందు కొలిచి పోసి, పైన బుల్లెట్ (గొట్టంలోంచి దూసుకెళ్లే ముక్క) నొక్కుతారు. టెక్సస్‌లో ఉండే మిత్రుడొకడు తన గరాజ్‌లో బల్ల ముందు కూర్చోబెట్టి ఇదంతా చూపించాడు. వెనక అరలో పదిహేను మందు డబ్బాల దాకా ఉన్నాయి. ‘వీటిలో ఏది స్ట్రాంగ్?’ అని అడిగితే నవ్వాడు. ‘స్ట్రాంగ్ అనేది లేదు, ఫాస్ట్, స్లో అంతే’ అన్నాడు.

లెక్క చూస్తే అతను చెప్పింది నిజమే. పొగలేని తుపాకి మందు ఒక గ్రాము కాలితే వచ్చే శక్తి సుమారు 4 కిలోజౌళ్లు. గ్రాము బెల్లం దానికి నాలుగింతలు ఇస్తుంది. కాకపోతే బెల్లం కాలాలంటే బయటినుంచి గాలి అందాలి. మందు తనకి కావలసిన ఆక్సిజన్ని తనలోనే మోసుకొస్తుంది కాబట్టి మూసేసిన ఇత్తడి కేసులో కూడా వెయ్యోవంతు సెకనులో పని ముగించగలదు.

ఆ వెయ్యోవంతు సెకనులో జరిగేది చూద్దాం. 1906లో అమెరికా సైన్యం తెచ్చిన .30-06 అనే రైఫిల్ తూటాలో పట్టే మందు మూడు గ్రాములు, ఇంకాస్త. ప్రైమర్ నిప్పు అంటిస్తుంది, వాయువులు పుడతాయి, ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే మందు ఇంకా వేగంగా కాలుతుంది. వేగంగా కాలితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. చక్రవడ్డీ లాంటి వ్యవహారం. కాగితం మీద సుర్రుమన్నది చుట్టలో ఢామ్మనడానికి కారణం ఇదే. బుల్లెట్ కదలడం మొదలుపెడితే దాని వెనక ఖాళీ పెరిగి ఒత్తిడిని దించుతూ పోతుంది. ఒకవైపు మందు వాయువును నింపుతుంటే ఇంకోవైపు బుల్లెట్ చోటును పెంచుతుంటుంది. ఈ రెండింటి పందెంలో ఒత్తిడి శిఖరానికి చేరేటప్పటికి బుల్లెట్ నాలుగైదు సెంటీమీటర్లే జరిగి ఉంటుంది. ఈ తూటాకి అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 60,000 పౌన్లు. మన కారు టైరులో ఉండేది ముప్ఫై చిల్లర.

మందు మరీ ఫాస్ట్ అయితే బుల్లెట్ కదిలేలోపే శిఖరం హద్దు దాటుతుంది, రైఫిల్ పగులుతుంది. మరీ స్లో అయితే సగం మందు కాలకుండానే గొట్టం చివర మంటగా బయటికి పోతుంది. బుల్లెట్ బరువెక్కితే అది నెమ్మదిగా కదులుతుంది, అప్పుడు నెమ్మదిగా కాలే మందు కావాలి. పెద్ద కేసు, సన్నని గొట్టం అయినా అంతే. అదే .30-06లో తేలిక బుల్లెట్టుకి కాస్త ఫాస్ట్ మందైన 4895 రకం, బరువు బుల్లెట్టుకి అంతకంటే స్లో అయిన 4350 రకం వాడటం అందుకే.

ఒకే రసాయనాన్ని ఫాస్ట్‌గానో స్లోగానో కాల్చడం ఎలాగన్నదే ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం. 1884లో పాల్ వియేయ్ అనే ఫ్రెంచి రసాయనవేత్త నైట్రోసెల్యులోజ్‌ని (నైట్రిక్ ఆమ్లంతో మార్చిన దూది) ఈథర్, ఆల్కహాల్ మిశ్రమంలో మెత్తబరిచి ముద్ద చేశాడు. దాన్ని పలచగా పరిచి ముక్కలు కోసి ఆరబెట్టాడు. అంతకుముందున్న నల్ల తుపాకిమందులో (సురేకారం, బొగ్గు, గంధకం) సగానికి పైగా ఘనపదార్థంగా మిగిలి పొగై కమ్మేసేది. వియేయ్ మందులో దాదాపు అంతా వాయువే. పైగా పలుకు పైపొర నుంచి లోపలికి, పొర తర్వాత పొరగా కాలుతుంది. అంటే పలుకు ఆకారం మారిస్తే కాలే తీరు మారుతుంది.

మిత్రుడు తెల్లకాగితం మీద రెండు డబ్బాల్లోంచి చిటికెడు చిటికెడు పోశాడు. ఒకటి గసగసాల్లాంటి నల్లని మెరిసే పలుకులు. గుండ్రని పలుకు కాలేకొద్దీ చిన్నదవుతుంది, కాలే ఉపరితలం తగ్గిపోతుంది, మొదట్లో ఉన్న జోరు చివర్లో ఉండదు. అందుకే ఈ రకానికి పైన కాలడాన్ని నిదానింపజేసే రసాయనపు పూత వేస్తారు. రెండోది పొట్టి పుల్లలు. భూతద్దం కింద పెడితే ప్రతి పుల్ల మధ్యలోనూ సన్నని చిల్లు! చిన్నప్పుడు వేళ్లకి తొడుక్కుని తిన్న పసుప్పచ్చ గొట్టాలు గుర్తొచ్చాయి. తయారీ కూడా అచ్చం జంతికల గొట్టంలోంచి పిండి వత్తినట్టే. అచ్చులోంచి ముద్దని తోసి, కత్తితో టకటకా కోస్తారు. బయటి చుట్టుకొలత ఎంత తగ్గుతుందో లోపలి చిల్లు చుట్టుకొలత సరిగ్గా అంత పెరుగుతుంది, కాలే ఉపరితలం ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. ఫిరంగుల మందుకైతే ఏడు చిల్లులు పెడతారు, అప్పుడు కాలేకొద్దీ ఉపరితలం పెరుగుతుంది. రంపపు పొట్టు దట్టించి మధ్యలో చిల్లు వదిలే మన పాత పొట్టు పొయ్యి పనిచేసేది కూడా ఇలా లోపలినుంచి బయటికే.

ఎంపిక తప్పితే ఏమవుతుందో చెప్పే పెద్ద ఉదాహరణ వియత్నాం యుద్ధం. యూజీన్ స్టోనర్ రూపొందించిన అమెరికా సైన్యపు ఎం16 రైఫిల్ని మొదట ఐఎంఆర్ 4475 అనే పుల్లల మందుతో నడిపించారు. సైన్యం కోరిన వేగాన్ని ఒత్తిడి హద్దులో ఆ మందుతో అందించడం కష్టమైంది. 1964లో గసగసాల రకమైన డబ్ల్యూసీ 846 వచ్చింది. వేగం వచ్చింది, శిఖరం హద్దులోనే ఉంది, కాగితం మీద అంతా బాగుంది. అయితే ఆ రైఫిల్ తనంతట తాను తూటా మార్చుకోవడానికి గొట్టంలోని చిల్లు నుంచి కొంచెం వాయువు తీసుకుంటుంది. కొత్త మందుతో ఆ చిల్లు దగ్గర ఒత్తిడి ఎక్కువైంది. నిమిషానికి పేలే తూటాల సంఖ్య పెరిగి భాగాలు అదిరిపోయాయి. ఆ మందులో ఆమ్లాన్ని విరచడానికి కలిపిన కాల్షియం కార్బనేట్ మసిగా పేరుకుంది. తూటా కూర్చునే అరకి (చాంబర్‌కి) క్రోమ్ పూత లేదు, శుభ్రం చేసుకునే సామాను చాలామందికి ఇవ్వలేదు. పోరు మధ్యలో రైఫిళ్లు పట్టేశాయి. 1967లో ఇకార్డ్ అనే సభ్యుడి నాయకత్వంలోని అమెరికా చట్టసభ (కాంగ్రెస్) ఉపసంఘం మందు మార్పునే ప్రధానంగా తప్పుపట్టింది. గొట్టం మొదట్లో శిఖరం ఒక్కటే చూసుకున్నారు, గొట్టం పొడవునా ఒత్తిడి ఎలా దిగుతుందో చూసుకోలేదు.

ఇంట్లో కూర్చుకునేవాడికీ ఇదే తంటా. అలాగే వాయువుతో తూటా మార్చుకునే పాత గరాండ్ రైఫిల్లో స్లో మందు వాడితే శిఖరం మామూలుగానే ఉన్నా, గొట్టం చివర్లో ఒత్తిడి ఎక్కువై తూటా మార్చే ఇనుప కడ్డీ వంగుతుంది. పేర్ల గొడవ ఇంకోటి. హెచ్ 4350, ఐఎంఆర్ 4350 ఒకటి కావు, ఒకదాని కొలత ఇంకోదానికి పనికిరాదు. హెచ్ 110, డబ్ల్యూ 296 మాత్రం వేరే పేర్లతో అమ్మే ఒకటే మందు! అందుకే తయారీదారు అచ్చువేసిన పట్టిక పక్కన లేకుండా ఎవరూ డబ్బా మూత తియ్యరు.

తూకానికి కొలత గ్రెయిన్. పౌనుకి 7,000. కంసాలి గురిగింజ ఒకటి సుమారు రెండు గ్రెయిన్లు తూగుతుంది. పుల్లల మందు కొలిచే యంత్రంలో కరకరమని తెగుతుంది, కొలత అటూ ఇటూ అవుతుంది. గుండ్రని మందు ఇసకలా జారుతుంది. సుళువు చూస్తే గుండ్రనిదే, కానీ జులై ఎండలో సరిచూసుకున్న తూటా నవంబరు మంచులో వేటకి వెళ్లినప్పుడు అలాగే పనిచెయ్యాలంటే చలికీ ఎండకీ చలించని కొన్ని పుల్లల రకాలే మేలు. నేనైతే అటే మొగ్గుతాను. స్లో మందుకి ఇంకో మంచి గుణం ఉంది. అది కేసుని దాదాపు నింపేస్తుంది కాబట్టి పొరపాటున రెండుసార్లు పోస్తే పైనుంచి పొర్లి కనపడుతుంది. ఫాస్ట్ మందు అడుగున కాస్తే ఉంటుంది, రెండింతలు పడినా తెలియదు.

వెళ్లేముందు బల్ల మీద ఒక చిన్న సీసా కనపడింది, పైన చీటీ ఊడిపోయింది. ఏ మందో తెలియనిది వాడకూడదని వీళ్ల నియమం. ‘మరేం చేస్తావు?’ అన్నాను. పెరట్లో గడ్డి మీద పలచగా చల్లేస్తాడట, నైట్రోజన్ ఉంది కదా అని. మా ఊళ్లో యూరియా బస్తాని కూడా మందు కట్టే అంటారని చెప్పాను.