గడ్డకట్టినదల్లా డాల్డా కాదు: మార్గరీన్ మీద అపోహలు - వాస్తవాలు

పోయిన నెలలో అమలాపురం నుంచి ఒక టీచరమ్మ ఫోన్ చేశారు. మా చెల్లెలితో కలిసి చదువుకున్నావిడ. వాళ్ళ నాన్నగారికి స్టెంట్ వేశారు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. "అన్నయ్యగారూ, ఫ్రిజ్‌లో మార్గరీన్ డబ్బా, అదే వెన్నలా బ్రెడ్డు మీద రాసుకునే నూనె కొవ్వు, ఉంటే పారేశానండి. గడ్డకట్టే నూనె గుండెలోనూ అలాగే గడ్డకడుతుందంట కదా. ఇప్పుడు సంతలో ఊరి నెయ్యి కొని వేస్తున్నాను" అన్నారు. కిలో ఎంతకు కొన్నారని అడిగాను. ఆవిడ చెప్పిన ధర విన్నాక నాకు భయం పట్టుకుంది. కిలో నెయ్యి తీయాలంటే వెన్న బాగా వచ్చే గేదె పాలే ఇంచుమించు 15 లీటర్లు కావాలి. ఆ ధరకు పాలు కూడా రావు.

కాకినాడ దగ్గర ఒక ఫ్యాట్ ప్లాంట్‌లో పదహారేళ్ళుగా బ్లెండింగ్ చూస్తున్నాను. "గట్టిగా ఉందంటే హైడ్రోజనేషన్ (నూనెకు హైడ్రోజన్ పట్టించి గట్టిపరచడం) చేసిందే, అంటే గుండెకు చెడు చేసే ట్రాన్స్ ఫ్యాటే" అన్న మాట ఈ పదహారేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. జనానికి ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ ఒక్క అపోహే.

కోనసీమలో పుట్టినవాళ్ళకు దీన్ని నేను విడమరచి చెప్పాలా? డిసెంబరులో తెల్లారగట్ల కొబ్బరినూనె సీసా తీసి చూడండి. తెల్లగా పేరుకుపోయి ఉంటుంది. మా అమ్మ దాన్ని ఎండలో అరుగు మీద పెట్టి, కరిగాక మా తలలకు రాసేది. దానికి ఎవరు హైడ్రోజన్ పట్టించారు? కొబ్బరినూనె కరిగేదే 24, 25 డిగ్రీల దగ్గర. అంతకంటే చల్లబడితే గడ్డకడుతుంది. కొవ్వు గట్టిపడటం, కరగడం అందులోని ఫాటీ ఆసిడ్ల పొందికను బట్టి, ఆ పూట వేడిని బట్టి ఉంటుంది. రక్తంలోకి అది ముద్దగా వెళ్ళదు. పేగుల్లోనే విడిపోయి అరుగుతుంది. శాచురేటెడ్ కొవ్వు, ట్రాన్స్ కొవ్వు ఎక్కువైతే చెడ్డ కొలెస్టరాల్ పెరుగుతుంది. గుండె రక్తనాళాలకు ముప్పు వచ్చేది ఆ దారిలో.

పాత భయం ఊరికే పుట్టలేదు, అది ఒప్పుకోవాలి. నూనెను గట్టిపరచడానికి ఒకప్పుడు హైడ్రోజనేషన్‌ను సగంలో ఆపేవాళ్ళు. ట్రాన్స్ ఫ్యాట్ పుట్టేది అక్కడే. దాన్ని పూర్తిగా నడిపితే ట్రాన్స్ దాదాపు మిగలదు, శాచురేటెడ్ అయిపోతుంది. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ పరిమితిని మన దేశంలో 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి తగ్గించారు. అలా తగ్గించేసరికి మా పని పద్ధతే మారిపోయింది.

ఇప్పుడు గట్టిదనం కోసం పామాయిల్‌ను చల్లార్చి విడదీసిన గట్టి భాగం, అంటే స్టియరిన్ వాడతాం. మెత్తదనానికి తవుడు నూనో, సన్‌ఫ్లవరో, పామోలినో కలుపుతాం. ఊరికే కలిపితే చాలదు, నోట్లో కరిగే తీరు కుదరదు. అందుకని ఇంటరెస్టరిఫికేషన్ చేస్తాం. కొవ్వు అణువులో ఒక గ్లిసరాల్‌కు మూడు ఫాటీ ఆసిడ్లు ఉంటాయి; గుంజకు మూడు పలుపుతాళ్ళు కట్టి ఉన్నాయనుకోండి. వాటిని విప్పి, ఈ గుంజవి ఆ గుంజకు మార్చి కట్టినట్టు ఉంటుంది ఈ పని. తాళ్ళు అవే, గుంజలు అవే, కట్టు మారిందంతే. కొత్తగా ట్రాన్స్ పుట్టదు.

మళ్ళీ టీచరమ్మగారి నెయ్యి దగ్గరికి వస్తాను. ఒక చిన్న సీసాలో పోసి పంపించమన్నాను. టెస్ట్ ట్యూబులో కరిగిన నెయ్యి పోసి, అంతే కొలత గాఢ హైడ్రోక్లోరిక్ ఆసిడ్, కొంచెం ఫర్‌ఫ్యురాల్ ద్రావణం వేసి రెండు నిమిషాలు ఊపి స్టాండులో పెట్టాను. అడుగున ఆసిడ్ పొర గులాబీ రంగు తిరిగింది, చూస్తుండగానే కుంకుమ రంగుకు వచ్చేసింది. వనస్పతిలో (డాల్డా లాంటిదన్నమాట) నూటికి 5 పాళ్ళకు తగ్గకుండా నువ్వుల నూనె ఉండాలని నిబంధన పెట్టింది ఇందుకే. నెయ్యిలో ఎవరైనా వనస్పతి కలిపితే నువ్వుల నూనె ఇలా రంగు చూపించి పట్టిస్తుంది. ఏ వనస్పతికి భయపడి ఆవిడ లేబుల్ ఉన్న డబ్బా పారేశారో, అదే వనస్పతిని లేబుల్ లేకుండా నెల రోజులు వాళ్ళ నాన్నగారికి అన్నంలో వేసి పెట్టారు. అది ఎలాంటిదో, ఎప్పటిదో చెప్పేవాళ్ళు లేరు. ఈ సంగతి ఫోన్‌లో చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదావిడ. తప్పు మీది కాదమ్మా అన్నాను, అది నిజం కూడా.

రెండో అపోహ దీనికి తలకిందులు: "ట్రాన్స్ ఫ్యాట్ సున్నా అని రాశారు కదా, ఎంత తిన్నా పరవాలేదు." పరవా ఉంది. స్టియరిన్‌లో ఎక్కువ భాగం శాచురేటెడ్ కొవ్వే. డబ్బా వెనక పట్టికలో ట్రాన్స్ పక్కనే శాచురేటెడ్ అంకె ఉంటుంది, అది చదవండి. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి శాచురేటెడ్ కొవ్వు 22 గ్రాములు దాటకూడదు. వంద గ్రాముల మార్గరీన్‌లో 40 గ్రాములు శాచురేటెడ్ అని ఉంటే, బ్రెడ్డు మీద 10 గ్రాములు రాస్తే 4 గ్రాములు లోపలికి పోయినట్టే. రోజంతా తినే నెయ్యి, పాలు, కొబ్బరి, బజ్జీలు మిగతా 18లోనే సర్దుకోవాలి. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ఈ హద్దు ఇంకా తక్కువ. అది డాక్టరుగారిని అడగండి.

"మార్గరీన్‌కీ ప్లాస్టిక్‌కీ ఒక్క అణువే తేడా" అన్న మెసేజ్ నా ఫోన్‌కి ఏడాదికి నాలుగుసార్లు వస్తుంది. అబద్ధం. ఒక్క పరమాణువు తేడాతోనే పదార్థం వేరైపోతుంది, అసలు ఆ లెక్కకే అర్థం లేదు. కాకపోతే ఆ మాట జనం ఎందుకు నమ్ముతారో నాకు తెలుసు. పఫ్ తిన్నాక అంగిట్లో మైనంలా అతుక్కుంటుంది కదా, అందుకు. పఫ్ మార్గరీన్ 40 డిగ్రీలు దాటాకే పూర్తిగా కరుగుతుంది, మన నోరు 37 డిగ్రీలు. పొరలు విడవాలంటే అంత గట్టిగా ఉండాలి. బ్రెడ్డు మీద రాసుకునే రకం అలా అంటుకుంటే మాత్రం అది బ్లెండ్ లోపమే. మాకు చెప్పండి.

భీమవరంలో ఒక బేకరీ ఆయన ఉన్నారు, మంచి పనివాడు. ఎండాకాలంలో కొన్న పఫ్ మార్గరీన్ కార్టన్లు మిగిలితే డిసెంబరులో వాడారు. పిండి మడతల్లో అది పెళుసుగా విరిగి, పొరలు చిరిగి, రెండు ట్రేల పఫ్‌లు పాడయ్యాయి. "మీరు మైనం కలుపుతున్నారండీ" అని ఫోన్‌లో కేకలేశారు. డబ్బా మీద నెల చదవమన్నాను. "ఏప్రిల్ అనుందండి" అన్నారు. గోదావరి జిల్లాల్లో మే నెల ఉక్కకు ఆగాలంటే స్టియరిన్ పెంచి కరిగే వేడిని రెండు మూడు డిగ్రీలు పైకి తీసుకెళ్తాం, చలికాలానికి దించుతాం. కల్తీ కాదది, కాలానికి తగ్గ కలపడం. ఎండాకాలం సరుకు చలికి మిగిలితే వాడే ముందు రోజు రాత్రే పొయ్యిల గదిలో ఉంచి, ఉదయం చేత్తో బాగా పిసికి వాడమని చెప్పాను. పని జరిగింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. చీమలు పట్టనంత మాత్రాన మార్గరీన్ విషమైపోదు, అందులో చక్కెర లేదు, అంతే. పసుపు రంగు బీటా కెరోటిన్‌దో, అనాటో గింజలదో అయి ఉంటుంది, లేబుల్ మీద రాసి ఉంటుంది. పశువుల కొవ్వా అని మా పిన్నిలాంటి వాళ్ళు అడుగుతారు. 1869లో ఫ్రాన్స్‌లో మొదట తయారుచేసింది నిజంగానే పశువుల కొవ్వుతో. ఇప్పుడు మా ప్లాంట్లోకి వచ్చేవన్నీ చెట్ల నూనెలూ, గింజల నూనెలే. ఆకుపచ్చ చుక్క చూసుకోండి. రవ్వరవ్వగా ఉంటే కల్తీ అనుకోవద్దు, లారీలో కరిగి మెల్లగా మళ్ళీ పేరుకుంది. నెయ్యి పూసకడితే మెచ్చుకుంటాం, మార్గరీన్ పూసకడితే మేము వెనక్కి తీసుకుంటాం.

నిన్న టీచరమ్మగారు మళ్ళీ చేశారు. "ఆయ్, ఇప్పుడన్నీ చదివే కొంటున్నానండి" అన్నారు. బిస్కెట్ ప్యాకెట్ల వెనక అక్షరాలు మరీ చిన్నవట. ఫొటో తీసి, పెద్దది చేసి, శాచురేటెడ్ అంకెలు నాన్నగారికి పైకి చదివి వినిపిస్తున్నారట.