ఉచిత లాయరు ఏ రోజు వస్తాడు?

పేదల కేసులు ఉచితంగా వాదిస్తామని ఏ లా ఫర్మ్ మాట ఇచ్చినా ముందు అడగాల్సింది ఒకటే: కేసు ఏ దశలో ఉండగా మీ లాయరు వస్తాడు? మన దేశంలో ఉచిత న్యాయ సహాయం చరిత్ర సగం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 304 ప్రకారం, లాయరును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇవ్వాల్సి ఉండేది (2024 జులై నుంచి ఆ కోడ్ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం వచ్చింది). కానీ అది సెషన్స్ కోర్టు విచారణకే. ఎక్కువ మంది పేదలు నిలబడేది మేజిస్ట్రేట్ ముందు. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో ఉచిత న్యాయ సహాయం అందించాలనే 39ఎ అధికరణం వచ్చినా, అది ఆదేశిక సూత్రం కాబట్టి దాన్ని పట్టుకుని నేరుగా కోర్టుకెళ్లే వీల్లేదు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసుతో దారి తెరుచుకుంది. బిహార్ జైళ్లలో కొందరు, నేరం రుజువైనా పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే మగ్గుతున్నారని తేలింది. ఉచిత న్యాయ సహాయం జీవించే హక్కునిచ్చే 21వ అధికరణంలో భాగమేనని సుప్రీంకోర్టు చెప్పింది.

1980 డిసెంబరులో భాగల్పూర్ ఖైదీల కళ్లు పొడిచిన కేసు (ఖత్రి) వచ్చేసరికి ప్రశ్న మారింది. ముద్దాయిలు లాయరు కావాలని అడగలేదు కాబట్టి ఇవ్వలేదన్నది అక్కడి మేజిస్ట్రేట్ల జవాబు. అడగకపోయినా మేజిస్ట్రేటే చెప్పాలని, మొదటిసారి హాజరుపరిచిన రోజు నుంచే ఆ హక్కు ఉంటుందని, డబ్బుల్లేవని ప్రభుత్వం తప్పించుకోలేదని కోర్టు తేల్చింది. అయినా 1986లో సుక్ దాస్ కేసు అదే కథ. అరుణాచల్ ప్రదేశ్‌లో ఒక ఇంజనీరును బెదిరించారన్న ఆరోపణపై లాయరు లేకుండానే విచారించి రెండేళ్ల శిక్ష వేశారు. హైకోర్టు ‘అడగలేదు కదా’ అంది. సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. 2012లో ముంబై దాడుల ముద్దాయి కసబ్ కేసు తీర్పు ఇంకో అడుగు వేసి, ఈ హక్కు గురించి చెప్పని మేజిస్ట్రేట్‌పై శాఖాపరమైన చర్య తీసుకోవచ్చంది.

లాయరు పేరుకు ఉంటే చాలదని 2019లో అనోఖీలాల్ కేసు చూపించింది. ఖండ్వాలో లాయరును నియమించిన రోజే అభియోగాలు మోపి, దాదాపు రెండు వారాల్లో ఉరిశిక్ష దాకా వెళ్లారు. ఫైలు చదివే వ్యవధే లేని లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏం అడుగుతాడు? మళ్లీ మొదటి నుంచి విచారించమన్న సుప్రీంకోర్టు, యావజ్జీవం లేదా ఉరి పడే కేసుల్లో పదేళ్ల అనుభవమున్న లాయరును పెట్టాలని, సిద్ధమయ్యేందుకు కనీసం ఏడు రోజులివ్వాలని చెప్పింది.

చట్టం సంగతికొస్తే, 1987లో ఆమోదించిన న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న గానీ అమల్లోకి రాలేదు. సెక్షన్ 12 ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవారు తదితర వర్గాలు ఆదాయంతో పనిలేకుండా అర్హులు. మిగతావారికే ఆదాయ పరిమితి. అది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, సుప్రీంకోర్టులో రూ.5 లక్షలు. ఆదాయానికి అఫిడవిట్ సరిపోతుందని సెక్షన్ 13 చెబుతోంది. ఇది తెలియక ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు ఎందరో. 15100కు ఫోన్ చేసినా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇచ్చినా చాలు.

ప్రైవేటు ఫర్ముల ‘ఉచితం’ సాధారణంగా ఫీజు వరకే. ప్రాసెస్ ఫీజు (సమన్లు, నోటీసులు పంపే ఖర్చు), సర్టిఫైడ్ కాపీలు, పై కోర్టు కోసం తెలుగు వాంగ్మూలాల ఇంగ్లిషు అనువాదం ఎవరి ఖాతాలో పడతాయో ముందే రాయించుకోవాలి. అధికార సంస్థ ద్వారా వెళ్తే ఇవన్నీ సహాయంలో భాగం. 2022 నుంచి ఆ సంస్థలు నడుపుతున్న డిఫెన్స్ కౌన్సెల్ (ముద్దాయి తరఫు లాయరు) వ్యవస్థలో పూర్తికాలం పనిచేసే లాయర్లున్నారు గానీ వాళ్లు క్రిమినల్ కేసులే చూస్తారు. మనోవర్తి, భూమి తగాదాలు ఇంకా ప్యానెల్ లాయర్లవే, అంటే సంస్థ జాబితాలో ఉండి కేసుల వారీగా పనిచేసేవాళ్లవే.

ఆలస్యం ఎంత నష్టం చేస్తుందో తెలియాలంటే డిఫాల్ట్ బెయిల్ చూడాలి. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే బెయిల్ హక్కు వస్తుంది, కానీ అర్జీ పెట్టుకోవాలి. పోలీసులు 61వ రోజు సాయంత్రం ఛార్జిషీటు వేశారనుకోండి, అదే ఉదయం అర్జీ పెట్టినవాడు బయటికొస్తాడు. 62వ రోజు లాయరు దొరికినవాడికి ఆ హక్కు ఉండదు.